నడుం వాలిస్తే వెనకబడిపోతామా?

ఇంటర్ ఫలితాలు వచ్చిన మర్నాటికల్లా శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో, విజయనగరం మూడు లాంతర్ల దగ్గర ఫ్లెక్సీలు వెలుస్తాయి. వరసగా పాస్‌పోర్టు ఫొటోలు, కింద మార్కులు, పైన కాలేజీ పేరు మనిషంత అక్షరాల్లో. ఎండాకాలమంతా ఇదే తంతు: ఇంటర్ అయ్యాక జేఈఈ, తర్వాత ఈఏపీసెట్, నీట్. ఆ ఫొటోలోని పిల్ల ఏడాది పొడుగునా రోజుకు ఎన్ని గంటలు నిద్రపోయిందో ఏ ఫ్లెక్సీ మీదా ఉండదు. మార్కు కంటికి కనిపిస్తుంది, ర్యాంకూ కనిపిస్తుంది. విశ్రాంతి కనిపించదు. మనుషులు ఒకరితో ఒకరు పోల్చుకునేది కనిపించేవాటినే. అందుకే పోటీ ముదిరేకొద్దీ మొదటి కోత కనిపించనిదాని మీదే పడుతుంది. ఆ కోతకు ఎవరూ బాధపడరు సరికదా, 'ఎంత కష్టపడుతున్నాడో' అని మెచ్చుకుంటారు కూడా.

విశ్రాంతిని పని అయ్యాక దొరికే బహుమానంగా చూడటంలోనే అసలు పొరపాటుంది. అది పనిలో ఒక భాగం. చదివింది బుర్రలో నిలవాలన్నా, ఎత్తిన బరువు ఒంటికి బలంగా మారాలన్నా ఆ భాగం జరిగి తీరాలి. ఈ సంగతి ఉత్తరాంధ్రకు కొత్తదేమీ కాదు. ఇక్కడ నిజంగా గొప్పవాళ్లను తయారుచేసిన చోట్ల అది ఎప్పటి నుంచో తెలుసు. కోచింగ్ చదువుల్లోకి వచ్చేసరికే మరుపున పడింది.

రెసిడెన్షియల్ కాలేజీలో ఒక రోజు ఎలా గడుస్తుందో చూద్దాం. ఏ క్యాంపస్ అయినా అరగంట అటూ ఇటూ ఇదే వరస. తెల్లవారుజామున ఐదింటికి బెల్లు. ఐదున్నరకు స్టడీ అవర్. సగం మంది ముఖం కడుక్కుని, సగం మంది కడుక్కోకుండానే పుస్తకం ముందు కూర్చుంటారు. కునికిపాట్లు పడేవాళ్లను నిలబెడతారు. నిలబడి కూడా నిద్రపోవచ్చని హాస్టల్ పిల్లలందరికీ తెలుసు. ఎనిమిదింటికి టిఫిన్, అక్కడి నుంచి మధ్యాహ్నం దాకా క్లాసులు, భోజనం, మళ్లీ క్లాసులు. సాయంత్రం స్నాక్స్ పేరుతో అరగంట వదిలి, రాత్రి పదిన్నర దాకా మళ్లీ స్టడీ. మంచం ఎక్కేసరికి పదకొండు. ఆదివారమూ సెలవు కాదు, వీకెండ్ టెస్టు. సోమవారానికి తండ్రి ఫోన్‌కు మెసేజ్ వచ్చేస్తుంది: సెక్షన్‌లో ఎన్నో ర్యాంకు, క్యాంపస్‌లో ఎన్నో ర్యాంకు. రెండు మూడు టెస్టుల్లో వరసగా తగ్గితే కింది సెక్షన్‌కు మారుస్తారు. మంచం, రూమ్మేట్లు, లెక్చరర్లు ఒక్కసారిగా మారిపోతారు. ఆ పిల్లాడు తన స్థానం ఏమిటో మర్చిపోదామన్నా మర్చిపోలేడు.

లెక్క వేస్తే పదకొండు నుంచి ఐదు దాకా ఆరు గంటలు. 13 నుంచి 18 ఏళ్ల మధ్య పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికాలోని నిద్ర వైద్య నిపుణుల సంఘం 2016లో తేల్చి చెప్పింది. తక్కువలో తక్కువ అనుకున్నా వారానికి 14 గంటలు బాకీ. పైగా ఆ వయసులో ఒంట్లోని గడియారం వెనక్కి జరుగుతుంది. నిద్ర ముంచుకొచ్చే వేళ చిన్నప్పటికంటే గంటా రెండు గంటలు ఆలస్యమవుతుంది. పదిహేడేళ్లవాడు రాత్రి పదింటికి నిద్రపోలేకపోవడమూ, ఐదింటికి లేవలేకపోవడమూ బద్ధకం కాదు, ఒంటి తీరే అంత. తెల్లవారుజామున బెల్లు కొడితే తెగిపోయేది నిద్రలో చివరి భాగం. కలలొచ్చే నిద్ర ఎక్కువగా ఉండేది ఆ చివరి గంటల్లోనే.

నిద్రకూ జ్ఞాపకానికీ ఉన్న లంకె కూడా కొత్తగా కనిపెట్టింది కాదు. 1924లోనే జెన్‌కిన్స్, డాలెన్‌బాక్ అనే ఇద్దరు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు అర్థంలేని అక్షరాల వరసలను విద్యార్థుల చేత బట్టీ పట్టించి చూశారు. నేర్చుకున్నాక నిద్రపోయి లేచినప్పుడు చాలా గుర్తున్నాయి. అంతే సమయం మేలుకుని గడిపినప్పుడు చాలా వరకు పోయాయి. పగలు నేర్చుకున్నదాన్ని మెదడు నిద్రలో మళ్లీ మళ్లీ నెమరువేస్తుందనీ, తాత్కాలికంగా హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగంలో ఉన్నది అలా శాశ్వతంగా కుదురుకుంటుందనీ తర్వాతి పరిశోధనలు చూపించాయి. కాబట్టి రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదిన్నర దాకా అదనంగా చదివించే గంట, సాయంత్రం ఐదున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా చదివిన గంటల పని చెడగొట్టవచ్చు. రిజిస్టర్‌లో మాత్రం ఐదు గంటలు చదివినట్టే ఉంటుంది.

ఇంత తెలిసినా ఎందుకు ఆగరు? కాలేజీ వాళ్లకు తెలియక కాదు, తల్లిదండ్రులకు ప్రేమ లేకా కాదు. ర్యాంకు అనేదాని స్వభావమే అది. మార్కు మన చదువును బట్టి వస్తుంది, ర్యాంకు పక్కవాడి చదువును బట్టి కూడా వస్తుంది. జేఈఈ మెయిన్‌లో 2019 నుంచి ఇస్తున్న పర్సంటైల్ అచ్చంగా పోలికే: మన వెనక ఎంత మంది ఉన్నారన్నదే అందులోని అంకె. 2024లో నీట్‌ను 23 లక్షల మందికి పైగా రాశారు. ఆ ఏడు ఐఐటీలన్నిట్లో కలిపి ఉన్న సీట్లు 17,740. అందరూ రోజుకు రెండు గంటల నిద్ర తగ్గించుకున్నా ఈ సీట్లలో ఒక్కటి కూడా పెరగదు. ఊళ్లో రాత్రి నాటకం ఆడుతుంటే ముందు వరస వాళ్లు బాగా కనబడాలని లేచి నిలబడతారు, దాంతో వెనక వరసలన్నీ లేవాల్సి వస్తుంది. చివరికి అందరి కాళ్లూ పీకుతాయి, నాటకం మాత్రం కూర్చున్నప్పుడు కనబడినంతే కనబడుతుంది. మొదట కూర్చునేవాడికి ఏమీ కనబడదు కాబట్టి ఎవరూ కూర్చోరు. ఒక్క కుటుంబం తెగించి 'మా వాణ్ని ఎనిమిది గంటలు పడుకోనిస్తాం' అనడానికి భయపడేది అందుకే. ఆ భయాన్ని తప్పుపట్టలేం.

పోలిక ఎవరితో అన్నది మరో సంగతి. సాటివాళ్లతోనే మనుషులు తమను తాము కొలుచుకుంటారని 1954లో లియాన్ ఫెస్టింగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త సిద్ధాంతీకరించాడు. ఆలిండియా ఫస్ట్ ర్యాంకు ఎవరికొచ్చినా రాజాంలో ఎవరికీ నిద్ర చెడదు. వెనకింటి వాళ్లమ్మాయికి తిరుపతిలో సీటొస్తే చెడుతుంది. చిన్న ఊళ్లలో ఈ బాధ నగరాల్లో కంటే ఎక్కువ. ఎవరి పిల్లలు ఏం చదువుతున్నారో, ఎవరు హైదరాబాద్‌లో ఎంత జీతానికి ఉన్నారో, ఎవరింటికి రెండో అంతస్తు లేచిందో అందరికీ తెలిసిపోతుంది. వలసల జిల్లాలు కావడంతో ఇది ఇంకా పదునెక్కింది. శ్రీకాకుళం పల్లెల నుంచి తరతరాలుగా జనం విశాఖపట్నం, హైదరాబాద్, చెన్నైలకు కూలికి వెళ్తున్నారు. అపార్ట్‌మెంట్లకు సెంట్రింగ్ కొట్టిన తండ్రికి, అలాంటి అపార్ట్‌మెంట్‌లోనే కొడుకు ఫ్లాటు కొనుక్కోవాలని ఉండటంలో వింతేముంది? ఆ తండ్రి ముందు నిలబడి విశ్రాంతి గురించి ఉపన్యాసం ఇవ్వడం కడుపు నిండినవాడి కబుర్లలాగే ఉంటుంది.

ఈ అభ్యంతరాన్ని పక్కన పెట్టేయకూడదు. చదువు తప్ప వేరే ఆస్తి లేని ఇంట్లో గంట వృథా అయితే నష్టం పెద్దదే. కానీ నిద్రమత్తులో పేజీ తిప్పిన గంట కూడా వృథా అయిన గంటే కదా. ఈసారి పోతే మరో ఏడు లాంగ్ టర్మ్‌లో చేరే స్తోమత ఉన్నవాడికి ఆ వృథా చెల్లుతుంది, లేనివాడికి చెల్లదు. చదివింది చదివినట్టు నిలవాల్సిన అవసరం పేదింటి పిల్లకే ఎక్కువ.

గొప్పతనం, కష్టం అన్న మాటలు వచ్చాయి కాబట్టి ఆమదాలవలస వైపు వెళ్లాలి. దానికి దగ్గర్లోని ఊసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్ లిఫ్టింగ్ 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో (బరువును ఒకే ఊపులో తలపైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల దాకా, అక్కడి నుంచి తలపైకి ఎత్తడం) 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ. విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలోని కొండవెలగాడదీ అదే బాట. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో గెలిచిన కాంస్యం, మొదటి స్థానం వచ్చిన అమ్మాయి డోపింగ్‌లో దొరకడంతో రజతమైంది.

ఈ ఆటను దగ్గర నుంచి చూసినవాళ్లకు ముందు ఆశ్చర్యం కలిగించేది బరువు కాదు, ఖాళీ. బార్ ఎత్తడానికి పట్టేది కొన్ని సెకన్లు. తర్వాత లిఫ్టర్ బెంచీ మీద కూర్చుంటుంది, చేతులకు సుద్దపొడి రాసుకుంటుంది, నీళ్లు గుక్క తాగుతుంది, ఊరికే నేలకేసి చూస్తుంది. రెండు మూడు నిమిషాలు గడిచాకే మళ్లీ బార్ దగ్గరికి. కండరానికి అప్పటికప్పుడు శక్తినిచ్చే క్రియాటిన్ ఫాస్ఫేట్ ఆ కొన్ని సెకన్లలోనే ఖర్చయిపోతుంది, మళ్లీ నిండాలంటే మూడు నుంచి ఐదు నిమిషాలు పడుతుంది. తొందరపడి ముందే ఎత్తబోతే బార్ కదలదు, లేదా నడుం పట్టేస్తుంది. పోటీ నిబంధనల్లో కూడా విశ్రాంతికి చోటుంది: ఒకే లిఫ్టర్ వెంటవెంటనే రెండుసార్లు ఎత్తాల్సి వస్తే నిమిషానికి బదులు రెండు నిమిషాలు ఇస్తారు. స్నాచ్‌కూ జెర్క్‌కూ మధ్య పది నిమిషాల విరామం ఉంటుంది. బలం పెరిగేది బరువు ఎత్తుతున్నప్పుడు కాదు. కండరం అప్పుడు కొద్దిగా దెబ్బతింటుంది, తర్వాత ఒకటి రెండు రోజుల్లో, ముఖ్యంగా నిద్రలో, బాగుపడి మునుపటికంటే గట్టిపడుతుంది. అమ్మాయిని రోజుకు పద్నాలుగు గంటలు బరువులు ఎత్తిస్తానని ఏ కోచ్ అయినా అంటే కొండవెలగాడలో తల్లిదండ్రులు ఊరుకుంటారా? బుర్ర విషయానికి వచ్చేసరికి మాత్రం ఆ మాట అన్నవాడికే ఫీజు కడుతున్నాం.

విజయనగరానికి మరో సాక్ష్యం ఉంది. 1919లో మహారాజా విజయరామ గజపతి నెలకొల్పిన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపల్. అక్కడే వయొలిన్ నేర్పిన ద్వారం వెంకటస్వామి నాయుడు 1936లో ప్రిన్సిపల్ అయ్యారు. సాధన అన్న మాటకు ఆ ఊళ్లో ఉన్న గౌరవం మామూలుది కాదు. చిత్రమేమిటంటే, సాధన మీద ప్రపంచమంతా ఉదహరించే పరిశోధన కూడా వయొలిన్ వాయించేవాళ్ల మీద జరిగిందే. మనస్తత్వ శాస్త్రవేత్త ఆండర్స్ ఎరిక్సన్, ఆయన సహచరులు బెర్లిన్ సంగీత అకాడమీ విద్యార్థులను పరిశీలించి 1993లో ఫలితాలు ప్రచురించారు. 'పదివేల గంటలు కష్టపడితే ఎవరైనా నిపుణులవుతారు' అన్న ప్రచారం అందులోంచి పుట్టిందే. ఆ వ్యాసంలో ఇంకో అంకె ఉంది, దాన్ని ఎవరూ ఫ్లెక్సీ వేయలేదు. మేటి విద్యార్థులు వారానికి దాదాపు 60 గంటలు, అంటే రోజుకు ఎనిమిదిన్నర గంటలు నిద్రపోయారు. వాళ్లకంటే తక్కువ స్థాయి వాళ్లు 54 గంటల పైచిలుకు. మేటివాళ్ల సొంత సాధన రోజుకు మూడున్నర గంటల చుట్టూనే ఉంది, అదీ మధ్యమధ్య ఆపుకుంటూ. మధ్యాహ్నం కునుకు తీసినవాళ్లూ వాళ్లే ఎక్కువ. ఎక్కువ నిద్రపోవడం వల్లే గొప్పవాళ్లయ్యారని దీని అర్థం కాదు. మనసు పెట్టి చేసే సాధన మనిషిని అంతగా అలసగొడుతుంది, కోలుకున్నవాళ్లే మర్నాడు మళ్లీ చేయగలుగుతారు.

విశ్రాంతి చదువుకునేవాళ్ల ముచ్చటే అనుకుంటే సగం చూసినట్టే. పలాస జీడిపప్పు పరిశ్రమలో పప్పు ఒలిచే ఆడవాళ్లకు కూలి కిలోల లెక్కన. అక్కడ కాసేపు నడుం చాపుకోవడమంటే ఆ కాసేపటి కూలి పోవడమే. పోలికా తప్పదు, పక్కనున్నామె గిన్నె కంటికి ఎదురుగా నిండుతూ ఉంటుంది. పైడిభీమవరం ఫ్యాక్టరీల్లో షిఫ్టులు మారినప్పుడల్లా నిద్రవేళ తలకిందులవుతుంది. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్లకు, 35 నుంచి 40 గంటలు చేసేవాళ్లతో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో కలిసి ప్రకటించాయి. సుదీర్ఘ పనిగంటల వల్ల 2016 ఒక్క ఏడాదిలోనే గుండెజబ్బు, పక్షవాతాలతో 7,45,000 మంది చనిపోయారని వాటి అంచనా. అయినా మన దగ్గర మాటలు మరోలా నడిచాయి. 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ చైర్మన్ ఆ అంకెను 90 చేశారు. అదే ఏడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఫ్యాక్టరీల్లో రోజువారీ గరిష్ఠ పనివేళను 9 నుంచి 10 గంటలకు పెంచాలని నిర్ణయించింది. వారానికి 48 గంటల హద్దు అలాగే ఉంది కాబట్టి కంగారు పడాల్సింది లేదని వాదించవచ్చు. కానీ బస్సెక్కి ముప్పై కిలోమీటర్లు వచ్చి పోయే మనిషికి రోజు ఎంత మిగులుతుందో ఆ హద్దు చెప్పదు.

శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం సంగతి ఇంకా తీవ్రమైంది. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో దశాబ్దాలుగా మనుషుల్ని తినేస్తున్న కిడ్నీ జబ్బుకు కచ్చితమైన కారణం ఇప్పటికీ తేలలేదు. నీరు, నేల, పురుగుమందులు, ఎండలో శ్రమతో పాటు వచ్చే డీహైడ్రేషన్, ఇలా అనుమానాలు చాలా ఉన్నాయి. ఇలాంటి జబ్బే మధ్య అమెరికాలో చెరకు నరికే కూలీలకు వస్తుంది. నికరాగ్వాలోని చెరకు తోటల్లో నీరు, నీడ, విశ్రాంతి మూడూ కలిపి పద్ధతిగా ఇచ్చినప్పుడు కూలీల కిడ్నీలు దెబ్బతినడం తగ్గింది. ఉద్దానానికి 2023 డిసెంబరులో హిరమండలం రిజర్వాయరు నీళ్లు పైపుల్లో వచ్చాయి, పలాసలో 200 పడకల ఆస్పత్రి, పరిశోధన కేంద్రం వచ్చాయి. మంచి పనులే. కొబ్బరి తోటలో, ఉపాధి హామీ గట్టు మీద మధ్యాహ్నం ఎండలో పనిచేసే మనిషికి ఎంతసేపు నీడన కూర్చునే హక్కుందన్న చర్చ మాత్రం వాటి పక్కన వినిపించదు.

ఇళ్లలో పరిస్థితి తెలిసిందే. 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు దానికి రోజుకు 289 నిమిషాలు వెచ్చిస్తుంటే మగవాళ్లు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. 'కాసేపు పడుకోమ్మా' అనే కొడుకులు చాలామందే ఉంటారు. ఆమె పడుకుంటే అన్నం ఎవరు వారుస్తారన్న ప్రశ్నకు మాత్రం నిశ్శబ్దమే.

ఊరి జీవితంలో విశ్రాంతి ఎవరి దయా కాదు, ఊరంతా కలిసి పాటించే కట్టుబాటు. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. ఆ రోజు ఎడ్లకూ పని లేదు, ప్రయాణాలూ లేవు. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాటి మంగళవారం విజయనగరంలో ఎవరు దుకాణం తెరిచి ఎవరికి అమ్ముతారు? ఈ ఏర్పాటులో గొప్ప తెలివి ఉంది: అందరూ ఒకేసారి ఆగిపోతే ఎవరూ వెనకబడరు. ఇందాక చెప్పిన భయానికి మందు అదే. పెద్దపండక్కి హైదరాబాద్ నుంచి రైలు కమ్మీలు పట్టుకుని వేలాడుతూ వచ్చినవాళ్లు ఆ మూడు రోజులూ అందుకే అంత హాయిగా ఉంటారు. ఇప్పుడు ఆ మూడు రోజుల్లోకి కూడా ల్యాప్‌టాప్ వచ్చింది, పిల్లలకు సెలవుల అసైన్‌మెంట్ వచ్చింది, అందరికీ వాట్సాప్ స్టేటస్ వచ్చింది. మంచం మీద పడుకుని గంటసేపు ఎవరి కారు, ఎవరి సీమంతం, ఎవరి ఆఫర్ లెటర్ అని వేలితో పైకి తోసుకుంటూ పోవడం విశ్రాంతి లెక్కలోకి రాదు. ఒళ్లు వాలింది కానీ పరీక్ష ఇంకా నడుస్తూనే ఉంది.

కట్టుబాటు పోయిన చోట చట్టం రావాలి. కొంత వచ్చింది. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం కోచింగ్ సెంటర్లు రోజుకు 5 గంటలకు మించి క్లాసులు పెట్టకూడదు, మరీ తెల్లవారుజామున, మరీ రాత్రి వేళ నడపకూడదు. వారానికి ఒక సెలవు ఇవ్వాలి, సెలవు మర్నాడు టెస్టు పెట్టకూడదు. ఈ చివరి షరతు రాసినవాళ్లెవరో గానీ హాస్టల్ సంగతి బాగా తెలిసినవాళ్లే. కాలేజీ బోర్డు పెట్టుకుని లోపల కోచింగ్ నడిపేవాళ్లు ఇవి మాకు కాదనవచ్చు. అలా అనడానికి 2025 జులై తర్వాత వీలు తగ్గింది. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ 2023లో చనిపోయిన పదిహేడేళ్ల అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ వర్తించేలా 15 మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కులను బట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడదీయడం, నలుగురిలో అవమానించడం, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టడం వీలైనంత వరకు మానుకోవాలని కోచింగ్ సంస్థలతో పాటు మిగతా విద్యాసంస్థలకూ చెప్పింది. అమలు చూడటానికి జిల్లాకో పర్యవేక్షణ కమిటీ వేయాలనీ, దానికి జిల్లా మేజిస్ట్రేట్, అంటే మన కలెక్టరే నేతృత్వం వహించాలనీ ఆదేశించింది.

జూన్‌లో అడ్మిషన్‌కు వెళ్లే తల్లిదండ్రులు ఏసీ క్లాసురూములున్నాయా, పెరుగు గడ్డగా ఉంటుందా అని అడుగుతారు. లైట్లు ఎన్నింటికి ఆర్పుతారు, ఆదివారం టెస్టు ఉందా, సెక్షన్లు దేన్నిబట్టి మారుస్తారు అని కూడా అక్కడే, ఫీజు కట్టకముందే అడగాలి. ఒక్కరు అడిగితే నవ్వి ఊరుకుంటారు. అదే ఊరి నుంచి వచ్చిన పది మంది అడిగితే జవాబు చెప్పక తప్పదు. చెప్పకపోతే, చెప్పింది చేయకపోతే, శ్రీకాకుళమైనా విజయనగరమైనా సోమవారం పూట కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు.